అక్క పేరు కొట్టేయకుండానే కెనడా వెళ్లొచ్చు

సమస్య

మాది దమ్మాయిగూడ. నాకు 54 ఏళ్లు. 1992లో మా అక్క కామెర్లతో పోయింది. అప్పటికి బాబుకు నాలుగేళ్లు. బయటి పిల్లను తెస్తే పిలగాడు ఆగమైతడని పెద్దమనుషులు కూర్చొని మాట్లాడి, మరుసటేడు కీసరగుట్ట మీద నన్ను మా బావకే ఇచ్చి పెళ్లి చేశారు. ఆయన చర్లపల్లిలో ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నాకొక కూతురు పుట్టింది. పెళ్లయి నాచారంలో ఉంటుంది.

బాబు ఇప్పుడు కెనడాలో, ఎడ్మంటన్‌లో, పీఆర్‌ (శాశ్వత నివాస హోదా) మీద ఉన్నాడు. ఐదేళ్ల పాప ఉంది, కోడలు మళ్లీ నీళ్లోసుకుంది. నన్నూ వాళ్ల నాన్ననూ సూపర్‌ వీసా మీద రమ్మంటున్నాడు. ఒక్కసారి వెళ్తే ఐదేళ్లు ఉండొచ్చట.

చిక్కంతా కాగితాల దగ్గర వచ్చింది. స్కూల్లో వేసేటప్పుడు తల్లి పేరు దగ్గర మా ఆయన నా పేరే రాయించారు. అదే తర్వాత వాడి పాస్‌పోర్టులోకీ ఎక్కింది. మున్సిపాలిటీ వాళ్లిచ్చిన పుట్టిన సర్టిఫికెట్‌లో మాత్రం మా అక్క పేరుంది. ఈసీఐఎల్‌ చౌరస్తా దగ్గర ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, ‘ఆ సర్టిఫికెట్‌ పక్కన పెట్టండమ్మా, పాస్‌పోర్టు చూపిద్దాం, మీరే కన్నతల్లి అని నింపేద్దాం, ఎవరు చూడొచ్చారు’ అన్నాడు. బాబునడిగితే ‘చిన్నమ్మా, నువ్వెట్లంటే అట్లనే రాస్త’ అంటాడు.

అక్క ఫొటోకు ఇన్నేళ్లుగా దీపం పెట్టేది నేనే. అసలు అక్కే లేనట్టు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నిజం రాస్తే, కన్నతల్లివి కాదు పొమ్మంటారేమోనని భయం. మా ఆడపడుచేమో ‘కన్న కూతుర్ని ఇడిసి సవతి కొడుకు ఇంట్ల వంట చేయనీకి పోతున్నవా’ అని దెప్పుతోంది. కూతురు పైకి వెళ్లమంటోంది గానీ ముఖం ముడుచుకుంది. ఇంకొకటి కూడా అడగాలి. మా ఆయనకు షుగర్‌, రెండేళ్ల కింద గుండెకు స్టెంట్‌ వేశారు. అక్కడ ఆయనకేమన్నా అయితే ఆ దేశంలో నేనెవర్ని?

– ఒక చిన్నమ్మ, దమ్మాయిగూడ

సలహా

అమ్మా, చెయ్యి రాకపోవడమే మీకు మేలు చేసింది. ఆ కన్సల్టెన్సీ ఆయన చెప్పిన అబద్ధం తప్పు అన్న సంగతి తర్వాత, అసలది అవసరమే లేని అబద్ధం.

ఎందుకంటే సూపర్‌ వీసాకు మీరు బాబును కని ఉండక్కర్లేదు. మీ ఆయన వాడికి కన్నతండ్రి. తల్లిదండ్రులు, తాత నానమ్మ, అమ్మమ్మలకే ఈ వీసా ఇస్తారు. అలా అర్హత ఉన్నవాళ్ల భార్యకో భర్తకో కూడా ఇస్తారు. అంటే మీ ఆయన తండ్రిగా వెళ్తారు, మీరు ఆయన భార్యగా వెళ్తారు. బాబు పుట్టిన సర్టిఫికెట్‌లో తండ్రి పేరు సరిగ్గా ఉంటే చాలు, తల్లి పేరు దగ్గర మీ అక్కగారు ఉండటం మీకేమీ అడ్డం కాదు. దాన్ని దాస్తేనే, ఆయన తండ్రి అని చూపించే గట్టి కాగితం చేజారుతుంది.

ఇంకో మాట. మీరు నింపాల్సిన కుటుంబ వివరాల ఫారంలో పిల్లల గురించి రాసేచోట, పెంచుకున్నవాళ్లనూ సవతి పిల్లలనూ కూడా కలిపి అందరినీ రాయమనే ఉంటుంది. అక్కడ మీ కూతురి పేరు రాయండి, బాబు పేరూ రాయండి, సంబంధం దగ్గర ‘సవతి కొడుకు’ అని రాయండి. మన ఊళ్లో ఎవరన్నా అంటే గుచ్చుకునే మాటే. ఫారంలో మాత్రం అదొక గడి, అంతే.

అబద్ధం రాస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. తప్పుడు వివరాలిచ్చారని తేలితే కెనడా చట్టం ప్రకారం ఐదేళ్లు ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. అంతకంటే ముందు బాబును ఒక సంగతి అడగండి: పీఆర్‌కు దరఖాస్తు చేసినప్పుడు తల్లి పేరు ఏమని రాశాడు? అక్క పేరు రాసి, చనిపోయిందని చూపించి ఉంటే ఇప్పుడు మీరు కన్నతల్లినంటే రెండు ఫారాలూ పోట్లాడుకుంటాయి. పాస్‌పోర్టు చూసి మీ పేరే రాసి ఉంటే, వాడు అక్కడే ఒక ఇమిగ్రేషన్‌ లాయరును కలిసి, దాన్ని సరిచేయడం ఎలాగో ముందు తెలుసుకోవాలి. ఈ పని ఫోన్లో నడిచేది కాదు. పాస్‌పోర్టులో మీ పేరు ఎలా చేరిందో వివరిస్తూ వీసా దరఖాస్తుతో పాటు బాబు చేత ఒక పేజీ ఉత్తరం పెట్టించండి. ‘నా తల్లి 1992లో మరణించింది, 1993లో నాన్న ఆమె చెల్లెలిని పెళ్లి చేసుకున్నారు, నన్ను పెంచింది ఆమే, స్కూలు రికార్డులో ఆమె పేరు రాయించారు’ అన్నంత సాదాగా ఉండాలి.

మీకు నిజంగా కావాల్సిన కాగితం పెళ్లి సర్టిఫికెట్‌. గుట్ట మీద పెళ్లికి రిజిస్ట్రేషన్‌ చేయించి ఉండరని నా అనుమానం. మన తరంలో చేయించుకున్నవాళ్లే తక్కువ. హిందూ వివాహ చట్టం కింద పాత పెళ్లినైనా సబ్‌ రిజిస్ట్రార్‌ దగ్గర ఇప్పుడు నమోదు చేయించుకోవచ్చు. శుభలేఖ దొరికితే సరే, లేదంటే పెళ్లి ఫొటో, వయసుకూ చిరునామాకూ రుజువులు, పెళ్లి చూసిన సాక్షులు కావాలి. ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. మీ ఆయనకిది రెండో పెళ్లి కాబట్టి అక్కగారి మరణ ధ్రువపత్రం అడుగుతారు. ఆస్పత్రిలో పోయి ఉంటే అప్పటి మున్సిపల్‌ రికార్డులో దొరకొచ్చు. అసలు నమోదే కాలేదంటే కొంచెం తిరుగుడు తప్పదు. ఏడాది దాటిన జనన మరణాలను నమోదు చేయాలంటే పైఅధికారి ఆదేశం కావాలి. 2023లో చట్టం సవరించాక ఆ అధికారం జిల్లా మెజిస్ట్రేట్‌, సబ్‌ డివిజనల్‌ మెజిస్ట్రేట్‌ స్థాయి వాళ్లకు వచ్చింది. వీసా మాట తర్వాత, ముందు ఈ పని పెట్టుకోండి. రేపు ఆయన పింఛను మీ పేరు మీదికి రావాలన్నా ఈ రెండు కాగితాలే అడుగుతారు.

మిగతావి బాబు చూసుకోవాల్సినవి. మీ ఇద్దరినీ పోషిస్తానని రాసిచ్చే ఆహ్వాన పత్రం, కుటుంబంలో ఎంతమంది ఉంటే అంత ఆదాయం ఉందన్న రుజువు. మిమ్మల్నిద్దరినీ కలిపి లెక్కేస్తారు కాబట్టి బిడ్డ పుట్టాక ఆరుగురు అవుతారు. ఆ మొత్తం ఏటా మారుతుంది, కోడలి సంపాదన కూడా కలుపుకోవచ్చు. మీ వైపు నుంచి వేలిముద్రలు హైదరాబాద్‌లోనే ఇవ్వొచ్చు. వైద్య పరీక్ష మాత్రం కెనడా వాళ్లు గుర్తించిన డాక్టరు దగ్గరే చేయించాలి. ఇల్లు, పింఛను, నాచారంలో కూతురు – ఇవన్నీ మీరు తిరిగొస్తారని నమ్మించే సంగతులు, చూపించండి.

నాకు భయమల్లా ఇన్సూరెన్స్‌ గురించే. అక్కడి సర్కారు వైద్యం విజిటర్లకు వర్తించదు. అందుకే కనీసం లక్ష కెనడియన్‌ డాలర్ల పాలసీ, వెళ్లిన రోజు నుంచి ఏడాదికి తక్కువ కాకుండా తీసుకోవాలన్నది షరతు. కెనడా కంపెనీదై ఉండాలి, లేదా 2025 జనవరి నుంచి, అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న విదేశీ కంపెనీదైనా చెల్లుతుంది. స్టెంట్‌, షుగర్‌ సంగతి దాచి చవక పాలసీ కొన్నారో, డబ్బు కట్టీ కట్టనట్టే. చాలా పాలసీల్లో పాత జబ్బు మీద ఒక మెలిక ఉంటుంది: బయల్దేరే ముందు 90 రోజులో 180 రోజులో మాత్రల మోతాదు మారకుండా జబ్బు నిలకడగా ఉంటేనే క్లెయిమ్‌ ఇస్తారు. టికెట్‌ బుక్‌ చేశాక కార్డియాలజిస్టు ఒక మాత్ర మార్చాడంటే ఆ నిలకడ పోతుంది. కాబట్టి ఆయన పరీక్షలన్నీ చాలా ముందే చేయించండి, కంపెనీ వాళ్ల జవాబు రాతలో తెప్పించుకోండి. ఏడాది కాగానే మళ్లీ కట్టాలన్నది బాబుకు గుర్తుండాలి.

ఇక ఆయనకేమన్నా అయితే అన్నారు. కెనడాలో దిగినప్పుడు మీకు ఎన్నాళ్లు అనుమతి ఇస్తే అన్నాళ్లూ అది మీ పేరు మీదిదే. ఆయన పోయినంత మాత్రాన మర్నాడు వెళ్లిపొమ్మనరు. కానీ ఒకసారి తిరిగొచ్చాక, ఒంటరిగా మళ్లీ సూపర్‌ వీసా అడిగితే మీ దారి ఇరుకవుతుంది. అప్పుడు మామూలు విజిటర్‌ వీసా ఉంటుంది, దానికి చుట్టరికంతో పని లేదు, సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. సవతి తల్లి విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. ఆస్ట్రేలియావాళ్ల తాత్కాలిక పేరెంట్‌ వీసాలో సవతి తల్లిదండ్రుల్ని పేరు పెట్టి చేర్చారు. అమెరికాలో గ్రీన్‌కార్డుకైతే, పిల్లకు 18 నిండకముందే ఆ పెళ్లి జరిగి ఉంటే సవతి తల్లి తల్లిగానే లెక్క. మన దేశంలో 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ‘తల్లి’ అన్నచోట సవతి తల్లిని కూడా చేర్చింది. ఆడపడుచుకు ఆ సంగతి చెప్పాలనిపిస్తే చెప్పండి.

ఆవిడ అన్న వంట మాటను మాత్రం నేను కొట్టిపారేయను. పురుడు, పసిబిడ్డ, ఐదేళ్ల పాప అంటే పని ఉంటుంది. పగలంతా ఇంట్లో ఎవరుంటారు, వారంలో మీకు సెలవెప్పుడు, మీ చేతిలో ఖర్చుకేం ఉంటుంది, మీరంతట మీరు గుడికి ఎలా వెళ్తారు – ఇవి ఇప్పుడే కొడుకుతోనూ కోడలితోనూ మాట్లాడుకోండి. కోడలు లైన్లో ఉండగా మాట్లాడండి. డిసెంబరులో ఎడ్మంటన్‌లో పొద్దు ఎనిమిదిన్నర దాటాక పొడిచి నాలుగుంపావుకల్లా గుంకుతుంది, బయట మైనస్‌ ముప్పైకి పడిన రోజులుంటాయి. దమ్మాయిగూడలో సాయంత్రం వాకిట్లో కూర్చొని నలుగురితో మాట్లాడే అలవాటున్న మనిషికి అది చిన్న సంగతి కాదు.

ఐదేళ్లు ఉండనిస్తారంటే ఐదేళ్లూ ఉండాలని కాదు. ఆ వీసా చాలాసార్లు వచ్చిపోయేందుకు కూడా పనికొస్తుంది. నేనైతే మొదటిసారి ఎండలు ఉండగా వెళ్లి, ఒక చలికాలం చూసి, ఏడాది లోపు వచ్చేస్తాను. తిరిగొచ్చే నెల ఏదో కూతురికి ముందే చెప్పండి. ఆ ముడుచుకున్న ముఖానికి కారణం మీ ప్రయాణం కాదు, ఎప్పుడొస్తారో తెలియకపోవడం అని నా ఊహ.

ఆ కన్సల్టెన్సీలో మీ ఒరిజినల్‌ కాగితాలేమన్నా ఇచ్చి ఉంటే, ఈ వారంలోనే వెళ్లి తెచ్చుకోండి. ఖాళీ ఫారం మీద సంతకం చేసి ఉంటే అదీ అడిగి తీసుకోండి.