యతీమ్ బిడ్డను ఇంటికి తెచ్చుకునే ముందు

"హజ్రత్! పెళ్ళయి పన్నెండేళ్ళయింది. అల్లాహ్ మాకు సంతానం ప్రసాదించలేదు. ఎవరైనా అనాథ బిడ్డను తెచ్చి పెంచుకుందామంటే ఇస్లాంలో దత్తత హరామ్ అంటున్నారు. నిజమేనా?"

ఈ ప్రశ్న మాకు తరచుగా ఎదురవుతూ ఉంటుంది. అడిగేది భర్తే అయినా, అడగమని పంపింది చాలాసార్లు భార్యే అయి ఉంటుంది. దీనికి 'హరామ్' అని ఒక్క మాటలో జవాబిచ్చి పంపించడం తేలిక. కాని ఆ జవాబు సగం మాత్రమే సరైనది. మిగతా సగం చెప్పకపోతే ఆ దంపతులు ఆ ఆలోచనే మానుకుంటారు, లేదా ఎవరికీ చెప్పకుండా ఏ ఆసుపత్రి ఆయానో పట్టుకుని చాటుగా ఒక బిడ్డను తెచ్చుకుంటారు. రెండూ నష్టమే. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని కాస్త విపులంగా చర్చించదలిచాము.

నిషిద్ధమైనదేమిటి?

హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) కల్బ్ తెగకు చెందినవారు. చిన్నతనంలోనే దోపిడీదారులు ఎత్తుకుపోయి ఉకాజ్ సంతలో అమ్మేశారు. హకీమ్ బిన్ హిజామ్ ఆయన్ను కొని తన మేనత్త హజ్రత్ ఖదీజా (రజి)కు ఇచ్చారు. ఆమె దైవప్రవక్త (స)కు అప్పగించారు. కొన్నేళ్ళకు ఆచూకీ తెలిసి తండ్రి, పినతండ్రి సొమ్ము తీసుకుని మక్కాకు వచ్చారు. సొమ్ము అక్కర్లేదనీ, పిల్లవాడు మీతో వస్తానంటే తీసుకువెళ్ళండనీ దైవప్రవక్త (స) అన్నారు. జైద్ (రజి) వెళ్ళనన్నారు. అప్పుడు దైవప్రవక్త (స) ఆయన్ను తన కుమారునిగా అందరి ఎదుట ప్రకటించారు. నాటి నుంచి జనం ఆయన్ను 'జైద్ బిన్ ముహమ్మద్' అని పిలవసాగారు.

తర్వాత మదీనాలో అహ్‌జాబ్ సూరాలోని 4, 5 వాక్యాలు అవతరించాయి. నోటి మాటతో ఎవరూ కన్నకొడుకు కాజాలడనీ, పెంపుడు పిల్లల్ని వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవాలనీ అల్లాహ్ ఆదేశించాడు. జైద్ (రజి) తిరిగి 'జైద్ బిన్ హారిసా' అయ్యారు. మరి ఆ ఇంటితో ఆయన అనుబంధం తెగిందా? లేదు. దైవప్రవక్త (స)కు ఆయన అత్యంత ప్రియమైనవారిలో ఒకరిగానే ఉన్నారు. హిజ్రీ 8లో మూతా యుద్ధానికి సేనాధిపతిగా వెళ్ళి అక్కడే షహీద్ అయ్యారు. దివ్య ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన ఏకైక సహాబీ ఆయనే.

అంటే నిషేధం వంశం మార్చడం మీద ఉంది, పెంచడం మీద కాదు. మొదటిదాన్ని ఫిఖహ్‌లో తబన్నీ అంటారు, రెండోదాన్ని కఫాలత్ అంటారు. యతీమ్‌ను పోషించేవాడు స్వర్గంలో తనకు ఎంత సమీపంగా ఉంటాడో దైవప్రవక్త (స) రెండు వేళ్ళు చూపి చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. తండ్రి ఎవరో తెలియని బిడ్డ సంగతేమిటన్న ప్రశ్నకూ అదే 5వ వాక్యంలో జవాబుంది. అలాంటివారు మీ ధార్మిక సోదరులు అని అల్లాహ్ అన్నాడు. మన వీధుల్లో అలాంటి బిడ్డను మరో మాటతో పిలిచేవారు ఈ వాక్యాన్ని ఒకసారి చదువుకోవాలి.

మన దేశంలో దారి ఏది?

1956 నాటి దత్తత చట్టం హిందువులకు సంబంధించినది, మనకు వర్తించదు. చాలాకాలం ముస్లింలకు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే ఆధారం. దాని ప్రకారం కోర్టు ద్వారా బిడ్డకు సంరక్షకులు కావచ్చు, తల్లిదండ్రులు కాలేరు. ఆ తర్వాత 2000లో వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం, దానికి 2006లో జరిగిన సవరణ మతంతో నిమిత్తం లేకుండా దత్తతకు దారి తెరిచాయి. 2014లో సుప్రీంకోర్టు, ఈ చట్టం ఎవరినీ బలవంతపెట్టదనీ, ఇష్టమున్నవారు దీని ద్వారా దత్తత తీసుకోవచ్చు, లేనివారు తమ పర్సనల్ లా ప్రకారం నడుచుకోవచ్చుననీ తీర్పు చెప్పింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2015 చట్టం. ఇందులో దత్తత ఉత్తర్వు వెలువడిందంటే చట్టం దృష్టిలో కన్నవారితో బంధం తెగిపోతుంది, ఆ బిడ్డ పెంచినవారి కన్నబిడ్డతో సమానమవుతాడు. షరీఅత్‌కు అభ్యంతరం ఉన్నది సరిగ్గా ఇక్కడే.

అయితే ఇదే చట్టంలో ఫోస్టర్ కేర్ అనే మరో ఏర్పాటు ఉంది. మనవారిలో దీని గురించి తెలిసినవారు తక్కువ. కన్నవారు లేనివారు, లేదా ఉన్నా పెంచలేని స్థితిలో ఉన్నవారి పిల్లల్ని మరో కుటుంబం తన ఇంట్లో పెంచుతుంది. బిడ్డ పేరు మారదు, తండ్రి పేరు మారదు, వారసత్వం మారదు. మా దృష్టిలో కఫాలత్‌కు చట్టంలో ఇంతకంటే దగ్గరైన రూపం లేదు.

మొదట చేయవలసింది ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు నమోదు చేసుకోవడం; దాన్ని పరిశీలించేది జిల్లా బాలల పరిరక్షణ విభాగం కార్యాలయం. అది మహిళా శిశు సంక్షేమ శాఖ కింద పనిచేస్తుంది. ఎక్కడుందో తెలియకపోతే మీ అంగన్‌వాడీ టీచరును అడిగినా చెబుతారు. గుర్తింపు, నివాసం, ఆదాయం, ఆరోగ్యం, వివాహం వీటికి సంబంధించిన పత్రాలు కావాలి. మన నికాహ్‌నామా ఉర్దూలో మాత్రమే ఉంటే ముందే వివాహ ధృవపత్రం సిద్ధం చేసుకోవడం మంచిది. ఆ తర్వాత ఒక సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి ఇల్లూ వాకిలీ చూస్తారు, ఇంట్లో అందరితో మాట్లాడతారు. అత్తగారు, మామగారు ఒప్పుకోకుండా దరఖాస్తు పెట్టినవారి సంగతి ఆ రోజే బయటపడుతుంది. బిడ్డను మీ ఇంటికి పంపాలా వద్దా అన్నది చివరకు నిర్ణయించేది బాలల సంక్షేమ సమితి. బిడ్డ వచ్చాక కూడా ఆ సమితి తరఫున నెలనెలా తనిఖీ ఉంటుంది.

దంపతులైతే వివాహమై కనీసం రెండేళ్ళు కలిసి స్థిరంగా కాపురం చేసి ఉండాలి. 2024లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ళ లోపు ఒంటరివారు కూడా అర్హులే. పురుషుడైతే మగపిల్లల్నే ఇస్తారు. వితంతువులైన మన సోదరీమణులు ఈ విషయం గమనించాలి.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. ఫోస్టర్ కేర్‌కు వచ్చేది పొత్తిళ్ళలో పాప కాదు. దత్తతకు అర్హులైన పసిపిల్లలు ముందు దత్తత జాబితాలోకే వెళతారు. మీకు అప్పగించేది సాధారణంగా ఆరేళ్ళు దాటిన బిడ్డను, ఎవరూ తీసుకోని బిడ్డను, ఒక్కోసారి వైకల్యమున్న బిడ్డను. కన్నవారు బతికి ఉంటే సమితి అనుమతితో చూడటానికి వస్తారు. వారి పరిస్థితి చక్కబడితే బిడ్డ తిరిగి వెళ్ళిపోవచ్చు కూడా. 'మా బిడ్డ' అనిపించుకునే కోరిక ఒక్కటే మనసులో ఉంటే ఈ దారి గుండెకోత మిగులుస్తుంది. ఎవరి బిడ్డనైనా కొన్నాళ్ళు అమానత్‌గా పెంచి, అడిగిన రోజు తిరిగి అప్పగించగలమా అని ముందే మనసును ప్రశ్నించుకోవాలి.

రెండేళ్ళు పెంచిన తర్వాత, బిడ్డ చట్టప్రకారం దత్తతకు అర్హుడైతే ఆ కుటుంబమే దత్తత తీసుకోవచ్చని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకుముందు ఇది ఐదేళ్ళు ఉండేది. ఈ మెట్టు దగ్గర మాత్రం ఆగి, నమ్మకమైన ముఫ్తీని సంప్రదించండి. దత్తత తీసుకోకపోతే బిడ్డ మళ్ళీ హాస్టలు పాలవుతాడన్న పరిస్థితి వేరు, అలాంటిదేమీ లేని పరిస్థితి వేరు. కాగితం మీద ఏం రాసుకున్నా ఇంట్లో, బంధువుల్లో బిడ్డ అసలు నసబ్ దాచకూడదు. వారసత్వ పంపకంలో ఆ కాగితాన్ని అడ్డం పెట్టుకోకూడదు. ఈ రెండింటి విషయంలో మాకు సందేహం లేదు.

డబ్బు సంగతి

ఫోస్టర్ కేర్‌లో ఉన్న బిడ్డకు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. 'యతీమ్ పేరుతో వచ్చే సొమ్ము తినవచ్చా?' అని కొందరు భయపడతారు. ఆ భయం మంచిదే. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒక వ్యక్తి దారిలో దొరికిన పసికందును తెస్తే, పెంపకం అతనికే అప్పగించి ఖర్చు ప్రభుత్వం తరఫున భరిస్తామని ఆయన అన్నారు. కనుక సహాయం తీసుకోవడంలో తప్పులేదు. కాని ఆ సొమ్ము బిడ్డది. బిడ్డ తిండికి, బట్టకు, చదువుకు ఖర్చుపెట్టాలి. సంపన్నుడు యతీమ్ సొమ్ముకు దూరంగా ఉండాలనీ, పేదవాడు న్యాయమైనంతే తీసుకోవాలనీ నిసా సూరా 6వ వాక్యం చెబుతోంది. ఒక నోటు పుస్తకంలో లెక్క రాసి ఉంచండి.

పెంచిన బిడ్డకు మన ఆస్తిలో వరాసత్ హక్కు రాదు. ఆ మాట విని ఏమీ ఇవ్వకుండా వదిలేసేవారున్నారు. షరీఅత్ రెండు తలుపులు తెరిచి ఉంచింది. ఆస్తిలో మూడో వంతు దాకా వసీయత్ రాయవచ్చు. జీవించి ఉండగానే హిబా చేయవచ్చు. హిబా అయితే కాగితం రాసి బీరువాలో పెడితే చాలదు, స్వాధీనం చేయాలి. రేపు మీ అన్నదమ్ములు ఆ పిల్లను వాకిట్లో నిలబెట్టకుండా ఉండాలంటే ఈ పని ఆరోగ్యంగా ఉండగానే చేయండి.

పరదా సమస్య

అసలు చాలామందిని వెనక్కి లాగేది ఇదే. బిడ్డ పాలు తాగే వయసులో, అంటే రెండేళ్ళ లోపు ఉంటే పరిష్కారం సులువు. పాలు ఇచ్చినామె పాలతల్లి అవుతుంది. ఆడబిడ్డకు భర్త సోదరి పాలిస్తే భర్త ఆమెకు పాల మేనమామ అవుతాడు. మగబిడ్డకు భార్య సోదరి పాలిస్తే భార్య అతనికి పాల పినతల్లి అవుతుంది. ఇద్దరూ మహ్రమ్‌లే. హనఫీ మస్లక్‌లో ఒక్కసారి తాగినా సరిపోతుంది. షాఫయీల వద్ద ఐదుసార్లు కావాలి. జాగ్రత్త కోసం ఐదుసార్లు ఇప్పించి, సాక్షుల పేర్లతో రాసి పెట్టుకోవడం మేలు. రేపు పిల్లల సంబంధాలు చూసేటప్పుడు దూద్ షరీక్ అన్నాచెల్లెళ్ళెవరో అందరికీ తెలియాలి కదా.

కాని ఏడెనిమిదేళ్ళ బిడ్డ వస్తే ఈ దారి మూసుకుపోయినట్లే. ఈడు వచ్చిన తర్వాత ఆ అమ్మాయికి పెంచిన తండ్రి, అబ్బాయికి పెంచిన తల్లి నామహ్రమ్‌లే. వేరే గది, తల మీద దుపట్టా, ఏకాంతంగా ఉండకపోవడం, ఇవి పాటించాలి. కష్టమేమీ కాదు. మరిది, బావ, మేనత్త కొడుకు ఒకే ఇంట్లో తిరుగుతున్నప్పుడు మనం పాటించవలసింది కూడా ఇదే కదా! దేవర్ ఎదుట గుర్తుకురాని పరదా, అనాథ పిల్లవాడు గడప దగ్గర నిలబడగానే గుర్తుకు రావడం మాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. వెసులుబాటు ఉన్నవారు, ఇంట్లో ఉన్నవారిని బట్టి, అబ్బాయా అమ్మాయా అన్నది దరఖాస్తు దశలోనే ఆలోచించుకోవాలి.

చాటుమాటు వ్యవహారాలు వద్దు

నర్సింగ్‌హోముల్లో డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం, పుట్టిన సర్టిఫికెట్‌లో తామే కన్నట్లు రాయించుకోవడం షరీఅత్‌లోనూ చట్టంలోనూ నేరం. పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ళ దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. ఆసుపత్రి సిబ్బందికైతే మూడు నుంచి ఏడేళ్ళు. దిక్కులేని బిడ్డ ఎక్కడైనా కనిపిస్తే 1098కి ఫోను చేయండి.

రికార్డుల విషయంలో భయపడనవసరం లేదు. బడి దరఖాస్తులో సంరక్షకుని పేరు రాసే గడి ఉంటుంది. ఆధార్‌లో కేరాఫ్ అని రాయించవచ్చు. పాస్‌పోర్టుకు తండ్రి, తల్లి లేదా చట్టబద్ధ సంరక్షకుల్లో ఒకరి పేరు చాలని 2016లోనే నిబంధన సడలించారు. బిడ్డతో నిజం చెప్పడానికి పెళ్ళీడు దాకా ఆగకండి. హజ్రత్ జైద్ (రజి) కథ చిన్నప్పుడే చెప్పి, 'నువ్వూ మా ఇంటికి అలాగే వచ్చావు' అని కలపండి. బయటివాళ్ళ నోట వినడం కంటే అది ఎంతో నయం.

నికాహ్ సమయంలో వలీ ఎవరన్న ప్రశ్న వస్తుంది. పెంచిన తండ్రి వలీ కాడు. అమ్మాయికి కన్నవారి తరఫు మగ బంధువులుంటే వారు ముందు. ఎవరూ లేకపోతే ఖాజీ. హనఫీ మస్లక్ ప్రకారం యుక్తవయస్కురాలైన అమ్మాయి పెంచిన తండ్రినే తన వకీల్‌గా నియమించుకోవచ్చు. తండ్రి పేరు తెలిస్తే ఆ పేరే చదవాలి. తెలియకపోతే అమ్మాయి ఎవరో సాక్షులకు స్పష్టంగా తెలిసేలా చెబితే సరిపోతుంది. నికాహ్ ముహూర్తానికి ఒకరోజు ముందే ఖాజీ సాహెబ్‌తో ఈ సంగతి మాట్లాడి ఉంచుకోండి.