మహలు కథ – మకాం కథ

 

ఈ నెల గోడపత్రికలో సాంఘికశాస్త్రం పాఠం నా వంతు వచ్చింది. టర్కీ దేశపు రాజభవనాల గురించి, వాటిని పిలిచే మాటల గురించి రాస్తున్నాను. "పక్కనే రామగిరి ఖిల్లా ఉండంగ టర్కీ దాక పోయినవేందిరా" అని మీరు అడుగుతారని తెలుసు. కారణం ఉంది. ముందు అది చెప్తాను.

మొన్నటి విహారయాత్రలో మనం హైదరాబాదులో చౌమహల్లా చూశాం కదా. దర్బారు హాల్లో వేలాడే గాజుదీపాల కింద నిలబడి నేను నోరు తెరిచి పైకి చూస్తున్నాను. పక్కన వేరే బడి పిల్లవాడు ఒకడు "మీ ఇల్లు ఎట్లుంటది?" అని అడిగాడు. మాది ఉట్నూరు వైపు గోండు గూడెం అని చెప్పాను. మట్టి పూసిన తడిక గోడలు, పైన గూనపెంకు. అది చెప్పేలోపే వాడు "అడివిల తిరిగేటోళ్లకు ఇండ్లుంటయా?" అని నవ్వి పోయాడు. నాకు జవాబు రాలేదు. రైలెక్కినా ఆ మాట పోలేదు. బండి కాజీపేట దాటాక సార్ పక్కన కూర్చుని అడిగాను: "సార్, అసలు మహల్ అంటే ఏంది?"

సార్ నవ్వి, "దిగే చోటు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. తర్వాత సార్ దగ్గర అడిగి, లైబ్రరీలో చదివి తెలుసుకున్నదే ఈ పాఠం.

1. మహల్ అంటే ఏమిటి?

మహల్ అరబ్బీ మాట. దాని ధాతువుకు ముడి విప్పడం అని అర్థం. ఎడారిలో రోజంతా నడిచిన మనిషి సాయంత్రం ఒంటె మీది మూటల తాళ్లు విప్పి దిగుతాడు. ఆ దిగిన చోటు మహల్. నలుగురు దిగి కాపురం పెట్టిన వాడ మొహల్లా. ఇదీ ఆ ధాతువు నుంచి పుట్టిన మాటే. రాజు దిగిన చోటు పెద్ద భవనం అయింది. చౌమహల్లా అంటే నాలుగు మహళ్లు. సలాబత్ జంగ్ కాలంలో 1750 ప్రాంతంలో మొదలై, అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో (1857–1869) పూర్తయింది.

మనం "మకాం వేశారు" అంటాం. మకాం కూడా అరబ్బీదే, నిలిచే చోటు అని అర్థం. అంటే మహలు, మకాం దగ్గరి చుట్టాలు. తేడా ఒక్కటే, మకాం గుడారంగానే మిగిలింది, మహలుకు గోడలు లేచాయి.

2. సరాయ్: ఒక దేశంలో రాజభవనం, ఒక దేశంలో సత్రం

టర్కీలో రాజభవనాన్ని సరాయ్ అంటారు. ఇది పారశీకం నుంచి వచ్చిన మాట. పారశీకంలో ఇల్లు, భవనం అని అర్థం. టర్కులు దాన్ని సుల్తాను ఇంటికి పెట్టుకున్నారు. అదే మాట మన దేశానికి వచ్చి బాటసారులు ఉండే సత్రం అయింది. నాంపల్లి స్టేషన్ దగ్గర రైలు ప్రయాణికుల కోసం నిజాం కాలంలో కట్టినది సరాయే. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఉంది, గోల్కొండకు వచ్చే వర్తకులు అక్కడ దిగేవారు. వర్తకుల బిడారును కారవాన్ అంటారు, వాళ్లు దిగేది కారవాన్ సరాయ్. గోల్కొండ దారిలోని కార్వాన్ బస్తీ పేరులో ఆ బిడారు ఇంకా ఉంది.

ఈ మాట చాలా దూరం తిరిగింది. మొగల్‌సరాయ్ స్టేషన్ పేరు (2018లో మార్చారు) మనం రైల్వే మ్యాపులో చదివాం. బోస్నియా రాజధాని సరయెవో పేరు కూడా సరాయ్ నుంచి వచ్చిందే, భవనం చుట్టూ ఉన్న మైదానం అని అర్థం. టర్కీలో అక్సరాయ్ అనే ఊరు ఉంది. తెల్ల భవనం అని అర్థం. దాని దగ్గరే 1229లో సెల్జుక్ సుల్తాను కట్టించిన పెద్ద బాటసారుల సత్రం ఇప్పటికీ నిలిచి ఉంది.

3. కొనాక్, కోష్క్

టర్కీలో పాషాలు, అధికారులు ఉండే పెద్ద ఇంటిని కొనాక్ అనేవారు. ఇది అచ్చమైన టర్కీ మాట. కొన్‌మక్ అంటే దిగడం, పక్షి కొమ్మ మీద వాలడం. అతిథిని కొనుక్ అంటారు. ఒక రోజు నడిచే దూరం కూడా ఒక కొనాక్. చూశారా! అరబ్బీ మహల్ లాగే ఇది కూడా దిగే చోటే. రెండు వేర్వేరు భాషలు, ఒకదాన్ని చూసి ఒకటి రాయలేదు, కానీ ఆలోచన ఒక్కటే.

తోటలో కట్టిన చిన్న భవనం కోష్క్. పారశీకం నుంచి టర్కీకి, అక్కడి నుంచి ఫ్రెంచికి, ఇంగ్లీషుకు పోయి "కియోస్క్" అయింది. సుల్తాను చల్లగాలికి కూర్చున్న మంటపం పేరు ఇప్పుడు బజారులో చిన్న డబ్బా కొట్టుకు, స్టేషన్లో టికెట్ మిషనుకు పెట్టారు. ఓడలు బండ్లు కావడం అంటే ఇదే.

4. తోప్‌కాపి: రాతితో కట్టిన గుడారాలు

టర్కులు మొదట గొర్రెలు, గుర్రాలు మేపుకుంటూ మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో గుడారాలతో తిరిగినవాళ్లు. వాళ్ల నాయకుడి పెద్ద గుడారం ఒతాగ్. ఇప్పుడు టర్కీ భాషలో గదిని ఓదా అంటారు, అది ఆ ఒతాగ్ నుంచి వచ్చిన మాటే. రాజు దండు దిగిన చోటు ఓర్దు. ఢిల్లీలో ఆ దండు విడిది పేరే భాషకు పేరై "ఉర్దూ" అయింది.

1453లో రెండవ మెహ్మద్ సుల్తాను ఇస్తాంబుల్‌ను గెలిచాడు. 1459లో సముద్రం పక్క గుట్ట మీద కొత్త సరాయ్ మొదలుపెట్టాడు. దానికి తర్వాత తోప్‌కాపి అని పేరు వచ్చింది. తోప్ అంటే ఫిరంగి, కాపి అంటే ద్వారం. హైదరాబాదులో ఫిరంగులు పోసిన చోటును "తోప్ కా సాంచా" అంటారు. అదే తోప్!

నేను తోప్‌కాపి బొమ్మ పుస్తకంలో చూసినప్పుడు ఆశ్చర్యపోయాను. అది చౌమహల్లా దర్బారులాగా ఒక్క పెద్ద మేడ కాదు. వరుసగా నాలుగు వాకిళ్లు, చెట్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి చిన్న చిన్న కోష్కులు. 1636లో రేవాన్ కోష్క్, 1639లో బాగ్దాద్ కోష్క్. దండు దిగి గుడారాలు వేసినట్టే ఉంటుంది. బట్ట పోయి రాయి వచ్చింది, పద్ధతి మారలేదు. మా గూడెం కూడా అంతే. ఇల్లు ఒకచోట, ధాన్యం గాదె ఒకచోట, పశువుల కొట్టం ఒకచోట, మధ్యలో వాకిలి.

రెండో వాకిలి పక్కన వంటశాల. రోజూ వేలమందికి వండేవారు. జానిసరీ సైనికులకు చోర్బా పోసేవారు. చోర్బా అంటే మనం అన్నంలో పోసుకునే శేర్వాకు అన్న వరుస. వాళ్ల అధికారి పదవి పేరే "చోర్బాజీ", అంటే చారు పోసేవాడు. సైనికులకు కోపం వస్తే తిండి మానేసి గంగాళం బోర్లించేవారు. అది తిరుగుబాటుకు గుర్తు. (గమనిక: మన మెస్సులో ఎవరూ ప్రయత్నించవద్దు. వార్డెన్ సార్ కూడా ఈ గోడపత్రిక చదువుతారు.)

మూడో వాకిట్లో ఒక హాస్టల్ బడి ఉండేది! పేరు ఎందెరున్. బాల్కన్ పల్లెల్లో క్రైస్తవ రైతుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి తీసుకొచ్చి, పేరు, మతం మార్చి, టర్కీ భాష నేర్పి, తెలివైనవాళ్లను ఇక్కడ చదివించేవారు. వారిలో కొందరు మంత్రులయ్యారు. బోస్నియా పల్లె నుంచి అట్లా వచ్చిన సొకొల్లు మెహ్మద్ పాషా 1565 నుంచి 1579 వరకు ప్రధానమంత్రి. ఆయన తన పుట్టిన సీమలో ద్రీనా నది మీద 1577లో పెద్ద వంతెన కట్టించాడు. పేరు మార్చినా నది పేరు మర్చిపోలేదు. ఇది చదివిన రాత్రి నాకు కడెం వాగు గుర్తొచ్చింది. మనల్ని ఎవరూ బలవంతంగా తేలేదు, మన అమ్మానాన్నలే చదువు కోసం పంపారు. అయినా సెలవులకు ఇంటికి పోయినప్పుడు గోండి మాట ఒకటి తట్టకపోతే నాకు భయమేస్తుంది.

5. అంతఃపురం నుంచి హైదరాబాదుకు

1856లో సుల్తాను తోప్‌కాపి వదిలి దోల్మాబాహ్చె అనే కొత్త సరాయ్‌కి మారాడు. దోల్మా అంటే నింపినది, బాహ్చె అంటే మన బగీచాయే. సముద్రం పూడ్చి వేసిన తోటలో కట్టారు కాబట్టి ఆ పేరు. 285 గదులు, 46 హాళ్లు. దగ్గర్లోనే చిరాగాన్ అని ఇంకో సరాయ్. చిరాగ్ అంటే దీపం. పూర్వం అక్కడ దీపాల పండుగలు చేసేవారు. మన జ్యోతినగర్ గుర్తొచ్చిందా? పాత తెలుగులో నగరు అంటే రాజభవనం. లెక్కప్రకారం చిరాగాన్ సరాయ్‌కి తెలుగు చేస్తే జ్యోతి నగరే! ఆ చిరాగాన్ 1910లో కాలిపోయింది. తర్వాత బాగుచేసి హోటల్ చేశారు.

1922లో సుల్తానుల పాలన పోయింది. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ దోల్మాబాహ్చెలో ఉండేవాడు. 1924 మార్చిలో దేశం విడిచిపొమ్మన్నారు. తెల్లవారకముందే కుటుంబమంతా బయలుదేరింది. ఆయన కూతురు దుర్రుషెహ్వార్‌కు అప్పుడు పదేళ్లు. మొదటిసారి హాస్టల్‌కు వచ్చిననాడు మనలో చాలామందిది ఇంచుమించు అదే వయసు. మనం సెలవులకు తిరిగి పోతాం. ఆమె తిరిగి పోవడానికి ఆ ఇల్లు లేదు.

1931 నవంబరు 12న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఆమెకు ఏడవ నిజాం పెద్ద కొడుకు ఆజం జాతో పెళ్లయింది. అదే రోజు వారి బంధువు నీలోఫర్‌కు రెండో కొడుకు మొజ్జం జాతో పెళ్లి. ఇద్దరూ హైదరాబాదు వచ్చారు. తన పరిచారిక కాన్పులో చనిపోయిందని నీలోఫర్ పట్టుబట్టడంతో తల్లులకు, పిల్లలకు ఆస్పత్రి లేచింది. 1953లో మొదలైన నీలోఫర్ ఆస్పత్రి అదే. మన ఊళ్ల నుంచి కూడా పసిపిల్లలను అక్కడికి తీసుకుపోతారు. సరాయ్ పోయినా ఆస్పత్రి మిగిలింది.

గోల్కొండ సంగతి కూడా వినండి. కుతుబ్‌షాహీ వంశం మొదలుపెట్టిన సుల్తాన్ కులీ (పాలన 1518–1543) తుర్కుమాన్ తెగవాడు. ఆ తెగ పేరు ఖరా ఖోయున్లు, అంటే నల్లగొర్రెల వాళ్లు. గొర్రెలతో తిరిగినవాళ్ల వారసుడు గోల్కొండ ఏలాడు.

6. చివరి మాట

నాకు బాగా నచ్చిన మాట చివరికి దాచాను. అది యుర్ట్. పాత టర్కులకు యుర్ట్ అంటే గుడారం వేసే తావు. తర్వాత సొంత దేశం, మాతృభూమి అయింది. ఇప్పటి టర్కీలో విద్యార్థులు ఉండే హాస్టల్‌ను కూడా యుర్ట్ అనే అంటారు! గుడారం తావు, మాతృభూమి, హాస్టల్, మూడింటికీ ఒకటే మాట.

మా తాత చెప్పేవాడు, వాళ్ల చిన్నప్పుడు పోడు భూమి అలసిపోతే ఊరంతా కదిలి ఇంకో చోట ఇళ్లు వేసుకునేదట. "ఊరు నిలవనోళ్లు" అని బయటివాళ్లు ఎగతాళి చేసేవారట. ఇప్పుడు నాకు ఆ మాటకు సిగ్గు లేదు. మహల్ అన్నా, కొనాక్ అన్నా, కదిలే మనుషులు దిగిన చోటే. గోడలు తర్వాత లేచాయి. అంత పెద్ద దోల్మాబాహ్చె కూడా ఖలీఫాకు ఒక మకామే అయింది.

గోండిలో ఇంటిని రోన్ అంటాం. కోయ మిత్రులు లోన్ అంటారు. చౌమహల్లాలో అడిగిన ఆ పిల్లవాడు మళ్లీ కనపడితే చెప్తాను: "మాకు ఇల్లుంది. దాని పేరు రోన్. నీ వెనుకున్న మహల్‌కు అర్థం తెల్సా నీకు?"

ఇంటిపని: సెలవులకు పోయినప్పుడు అవ్వతాతలను అడిగి ఇల్లు, వాకిలి, గాదె, కొట్టం, మంచెలకు మీ భాషలో మాటలు రాసుకుని రండి. గోండి, కోయ, కొలామి, నాయకపోడు, లంబాడి అన్నీ కలిపి వచ్చే సంచికలో పట్టిక వేద్దాం.

తప్పులుంటే పెద్దలు మన్నించి దిద్దగలరు.

ఇట్లు
మీ మిత్రుడు, 9వ తరగతి