చెల్లీ, లెఫ్టూ రైటూ మనకెందుకు అనకు!

చెల్లీ, "టీవీ పెడితే చాలు, లెఫ్టు వాళ్ళూ రైటు వాళ్ళూ అంటూ అరుచుకుంటారు. అసలు ఆ తేడా ఏంటక్కా? మనకి దాంతో పనేంటి?" అని మొన్న అడిగావు. పని ఉంది తల్లీ, చాలా ఉంది. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్తే తేలేది కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆర్టీసీ బస్సెక్కు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి చార్జీ లేదు కదా. కండక్టరు ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. ఆ చిన్న కాగితం మీద బస్సులోనే ఎంత వాదన నడుస్తుందో విను. "ఇదివరకు కూలి డబ్బుల్లో సగం చార్జీలకే పోయేది, ఇప్పుడు టౌన్లో పని దొరికితే ధైర్యంగా పోతున్నా" అంటుంది ఒకామె. "ఊరికే ఏదీ రాదమ్మా, ఎవరో కడితేనే మీకు ఫ్రీ. మేం టికెట్ కొనుక్కుని నిలబడి పోతున్నాం. మరి ఆటో నడుపుకునేవాడు ఏమైపోవాలి?" అంటాడు పక్కన నిలబడ్డ ఆయన. ఆమె మాట లెఫ్ట్ వైపుది, ఆయన మాట రైట్ వైపుది. ఇద్దరిలో ఎవరికీ ఏ పార్టీ సభ్యత్వమూ ఉండకపోవచ్చు. ఆ పథకం పెట్టిన కాంగ్రెస్ కూడా వామపక్ష పార్టీ కాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో ఇదే మొదలైంది, వాదన కూడా అదే.

ఇంటి లెక్కలో చెప్తాను చూడు. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం. ఒకడు బాగా సంపాదిస్తాడు, ఇంకొకడి ఆరోగ్యం అంతంతమాత్రం. అందరి సంపాదనా ఒకచోట వేద్దాం, వెనకబడ్డవాడి పిల్లలు బడి మానకూడదు అనేది లెఫ్ట్ ఆలోచన. కష్టపడ్డవాడి దగ్గర లాక్కుంటే రేపు వాడూ కష్టపడడు, ఎవరి రాబడి వాళ్ళు చూసుకుంటేనే ఇల్లు పైకొస్తుంది అనేది రైట్ ఆలోచన. అదే ఇంట్లో ఇంకో తగువు కూడా ఉంటుంది. ఆచారం పెద్దలు ఏర్పరిచింది, దానికో కారణం ఉంది, తొందరపడి మార్చకండి అనేవాళ్ళు రైట్ వైపు. ఆ ఆచారం కింద నలిగిపోయే మనిషిని ముందు చూడండి అనేవాళ్ళు లెఫ్ట్ వైపు. డబ్బు తగువు వేరు, ఆచారం తగువు వేరు. టీవీలో ఈ రెండింటినీ కలిపేసి అరుస్తారు కాబట్టే నీకు తికమకగా ఉంది. ఈ రెంటినీ విడదీసి చూడటం వస్తే సగం రాజకీయం నీకు అర్థమైనట్టే.

ఈ పేర్లు వచ్చింది ఫ్రాన్సు నుంచి. 1789లో వెర్సాయ్‌లో జాతీయ సభ కూర్చుంది. సభ చేసిన చట్టాన్ని రాజు కాదనొచ్చా అన్నది అప్పటి పెద్ద ప్రశ్న. రాజుకీ చర్చికీ పాత అధికారం ఉండాలన్నవాళ్ళు అధ్యక్షుడికి కుడివైపు చేరారు, దాన్ని తగ్గించాలన్నవాళ్ళు ఎడమవైపు చేరారు. అంతవరకు అందరూ చెప్తారు. నాకు మనసులో నిలిచిపోయింది ఇంకొకటి. కుడివైపు గానీ ఎడమవైపు గానీ, ఆ సభలో ఒక్క ఆడమనిషికీ సీటు లేదు. అక్టోబరు 5న పారిస్ బజారుల్లో అమ్ముకునే ఆడవాళ్ళు రొట్టె దొరకడం లేదని, ధర మండిపోతోందని వానలో దాదాపు 20 కిలోమీటర్లు నడిచి వెర్సాయ్ వెళ్ళారు. సభలోకి దూసుకెళ్ళారు. మర్నాడు రాజుని కుటుంబంతో సహా పారిస్‌కి తీసుకొచ్చేదాకా ఊరుకోలేదు. అంత చేసిన ఆ దేశపు ఆడవాళ్ళు మొదటిసారి ఓటు వేసింది 1945లో! రాజకీయం మనకెందుకు అని నువ్వన్నప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు.

ఇప్పుడు మన నేలకి రా. లెఫ్ట్ అంటే ఏంటో మన నాయనమ్మల తరం పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకి తీసుకుని పండించిన పంట మీద విసునూరు దేశముఖ్ కన్నేస్తే, సంఘం వాళ్ళు ఆమె వెంట నిలబడి పంట కోయించి ఇంటికి చేర్చారు. సంఘం అంటే ఆంధ్ర మహాసభ, జనం నోట్లో సంఘమే. వెట్టిచాకిరీ వద్దు, దున్నేవాడిదే భూమి అన్నదే వాళ్ళ మాట. 1946లో రాజుకున్న ఆ తెలంగాణ పోరాటం 1951 దాకా సాగింది. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూమి ఉన్న ఇంట్లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు తన వాటా ఆస్తి కమ్యూనిస్టు పార్టీకిచ్చేసి, చట్టసభకి సైకిల్ మీద వెళ్ళేవారు. నమ్మినదాన్ని తమ జీవితంతో చూపించిన ఇలాంటి వాళ్ళ వల్లే తెలుగునాట ఎర్రజెండాకి గౌరవం వచ్చింది.

మరి రైట్ వైపు మనవాళ్ళు లేరా? ఉన్నారు. నిడుబ్రోలు నుంచి వచ్చిన ఆచార్య ఎన్.జి. రంగాగారి పేరు విన్నావుగా? 1930లలో జమీందార్లకి వ్యతిరేకంగా రైతుల్ని కూడగట్టిన మనిషి, అఖిల భారత కిసాన్ సభకి అధ్యక్షత వహించిన మనిషి. 1959లో నాగపూర్‌లో కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం అనగానే, నా రైతు పొలం గట్టు చెరిపేయడానికి మీరెవరు అని ఎదురు తిరిగారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి తొలి అధ్యక్షుడయ్యారు. రైతు తన చెక్కని తానే దున్నుకోవాలి, వ్యాపారి ప్రతిదానికీ ఢిల్లీ చుట్టూ పర్మిట్ల కోసం తిరగకూడదు అన్నది ఆ పార్టీ మాట. 1967 ఎన్నికల్లో లోక్‌సభలో 44 స్థానాలు తెచ్చుకుంది. జమీందారు కాజేసినా, సర్కారు కలిపేసుకున్నా, రైతుకి తన భూమి పోవడం పోవడమే అనేది రంగాగారి పట్టుదల. అందుకే రైట్ అనగానే డబ్బున్నవాళ్ళ పక్షం అని కొట్టిపారేయకు. ఐదెకరాల రైతుకున్న భయం కూడా అందులో ఉంది.

ఇంకా ఆశ్చర్యం ఏంటంటే, రెండు పక్కలా నడిచిన ఒకే మనిషి మనకున్నాడు. 1971లో ముఖ్యమంత్రి అయిన పి.వి. నరసింహారావుగారు భూపరిమితి కోసం పట్టుబట్టి పెద్ద భూస్వాములకి కంటగింపు అయ్యారు. 1991లో ప్రధాని అయ్యాక అదే మనిషి చాలా పరిశ్రమలకి లైసెన్సులు ఎత్తేశారు, తలుపులు బార్లా తీశారు. మొదటిది లెఫ్ట్ పని, రెండోది రైట్ పని. ఒక స్కూటరు కోసం, ఒక టెలిఫోను కోసం ఏళ్ళ తరబడి పేరు రాయించుకుని ఎదురుచూసిన ఇళ్ళు మనవి. ఆ ఎదురుచూపు తీరినందుకు నేను 1991ని మెచ్చుకుంటాను. ఆ తలుపుల్లోంచి అందరూ ఒకేలా లోపలికి రాలేదని కూడా చెప్తాను. ఇంగ్లీషు చదువు, చేతిలో కాస్త పెట్టుబడి ఉన్నవాళ్ళు ముందు పరిగెత్తారు.

ఇక ఆచారం తగువు. మనకి నేరుగా తగిలేది ఇదే, కాబట్టి శ్రద్ధగా విను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో హిందూ కోడ్ బిల్లు వచ్చింది. ఆడపిల్లకి ఆస్తిలో హక్కు, విడాకులు తీసుకునే హక్కు, మగాడికి ఒక్క పెళ్ళే అన్నవి అందులో ముఖ్యం. పెళ్ళి అనేది సంస్కారం, దాన్ని చట్టంతో కదిపితే కుటుంబం చెదిరిపోతుంది అని సంప్రదాయవాదులు గట్టిగా ఎదిరించారు. కాంగ్రెస్‌లోనే పెద్దలు ఒప్పుకోలేదు, రాజేంద్రప్రసాద్‌గారు కూడా. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయిగారు బిల్లు పక్షాన నిలబడ్డారు. బిల్లు ముందుకు కదలక 1951లో అంబేద్కర్ మంత్రి పదవికే రాజీనామా చేశారు. చివరికి 1955, 56లలో దాన్ని ముక్కలు చేసి నాలుగు చట్టాలుగా తెచ్చారు. అప్పటికీ తాతతండ్రుల ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి వాటా రాలేదు. అది మన ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకే. తెచ్చింది ఏ కమ్యూనిస్టు ప్రభుత్వమో కాదు, ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. ఈ విషయంలో నేను మొహమాటపడను. కుటుంబం చెదురుతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ ఆ కుటుంబాన్ని నిలబెట్టే బరువంతా చేతిలో చిల్లిగవ్వ లేని ఆడదాని మీద పెట్టడం న్యాయం కాదు. ఇక్కడ నేను నిండుగా లెఫ్ట్ వైపే.

అలాగని ఆచారాన్ని కాపాడాలనే ప్రతి మనిషినీ తప్పుపట్టలేను. గుడి, పండగ, తన భాష, వరస కలుపుకుని పిలుచుకోవడం — ఇవి పోతే తన అనేది ఏమీ మిగలదని బాధపడేవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. దేశం దాటి వెళ్ళినవాళ్ళలో ఈ బాధ ఇంకా ఎక్కువ. అమెరికాలో వీసా కోసం, తమ పిల్లల సమాన హక్కుల కోసం అక్కడి లెఫ్ట్ వైపు చూసే తెలుగు కుటుంబాలే మన దేశం సంగతి వచ్చేసరికి రైట్ వైపు నిలబడటం చూస్తుంటాం. అక్కడ తాము తక్కువమంది, ఇక్కడ ఎక్కువమంది. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్నిబట్టి చూపు మారుతుంది.

రెండు వైపులవాళ్ళూ దారి తప్పిన కథలు కూడా నీకు తెలియాలి. పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వం 1978లో కౌలుదార్ల పేర్లు రిజిస్టర్లోకి ఎక్కించింది. పండించినవాడిని భూమి మీంచి తరిమేయకుండా అడ్డుపడింది. అదే ప్రభుత్వం 2006లో సింగూరులో కార్ల ఫ్యాక్టరీ కోసం ఒప్పుకోని రైతుల భూమి కూడా తీసుకుంది. 2011లో 34 ఏళ్ళ అధికారం పోయింది. అటువైపు, రైట్ పక్షం అనిపించుకునే బీజేపీ ప్రభుత్వమే కరోనా కాలం నుంచి కోట్లమందికి ఉచితంగా రేషన్ బియ్యం ఇస్తోంది. ఎన్నికల దగ్గరికి వచ్చేసరికి డబ్బు విషయంలో అందరూ లెఫ్ట్ వైపు ఒరుగుతారు. ఆచారం విషయంలోనే అసలు రంగు బయటపడుతుంది.

ఏ వైపుకీ చేర్చలేని పోరాటాలు కూడా ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళలో ముందు నిలబడిన రోశమ్మగారి పేరు అక్కడి నుంచే రాష్ట్రమంతా తెలిసింది. మద్యం ఆదాయం పోతే ఖజానా ఎలా అని ప్రభుత్వం మథనపడింది. తాగడం తాగకపోవడం ఎవరిష్టం వాళ్ళది అన్నవాళ్ళున్నారు, నీతి కోసం నిషేధించాలన్నవాళ్ళున్నారు, పేదవాడి కూలి దోచేస్తున్నారన్నవాళ్ళున్నారు. ఆ ఆడవాళ్ళు మాత్రం మా ఇంటికి కూలి డబ్బు రావాలి, రాత్రి దెబ్బలు ఆగాలి అన్నారు. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. నిషేధాన్ని తెచ్చింది ఆడవాళ్ళ పట్టుదల, సడలించేలా చేసింది ఖజానా లెక్క.

నీకొక సంగతి చెప్పాలి. 1951-52లో మన మొదటి ఎన్నికలప్పుడు దేశంలో దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది. ఫలానా ఆయన భార్యని, ఫలానా ఆయన కూతుర్ని అన్నారే తప్ప వాళ్ళు తమ సొంత పేరు చెప్పలేదు. ఇవాళ నీ పేరు జాబితాలో ఉంది. బావగారు చెప్పిన గుర్తుకి, లేదా నేను చెప్పిన గుర్తుకి వేసి వచ్చేయడానికి కాదు అది.

ఈసారి ఓటడగడానికి గడపలోకి వచ్చినవాళ్ళని జెండా రంగు చూసి పంపేయకు. "నా ఇంటి ఖర్చులో, నా పొలంలో, నా పనిలో ప్రభుత్వం చెయ్యి ఎంతవరకు ఉండాలంటారు? నా కూతురి చదువు, పెళ్ళి, వాటా ఎవరి మాట మీద నడవాలంటారు?" — ఈ రెండూ అడుగు. జవాబు చెప్పేదాకా నిలబెట్టు. వాళ్ళేమన్నారో నాకు రాయి.

— నీ అక్క