మాయను తినకు, పాతిపెట్టుకో

అమ్మలూ,

మీ డల్లాస్‌లో కొందరు బాలింతలు కాన్పులో పడ్డ మాయను (ప్లాసెంటాను) ఎండబెట్టించి, పొడి కొట్టించి, క్యాప్సూల్స్‌గా మింగుతున్నారట. పాలు బాగా పడతాయనీ, కాన్పయ్యాక దిగులు రాదనీ వాళ్ల నమ్మకం. దానికి గట్టి రుజువు లేదు. చేటు జరిగిన దాఖలా మాత్రం ఉంది. 2016లో ఒరెగాన్‌లో ఓ పసిగుడ్డుకు పుట్టిన కాసేపటికే గ్రూప్ బి స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా సోకింది. మందులతో తగ్గి ఇంటికి వెళ్లిన కొద్దిరోజులకే మళ్లీ తిరగబెట్టింది. తల్లి మింగుతున్న మాయ క్యాప్సూల్స్‌ను పరీక్షిస్తే అదే బ్యాక్టీరియా బయటపడింది. బిడ్డ కోలుకుంది. వాటి జోలికి పోవద్దని 2017లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నివేదిక చెప్పింది. నువ్వూ పోవద్దు తల్లీ.

మన ఊళ్లలో మాయ మట్టికే చేరేది. మంత్రసాని దాన్ని కుండలో పెట్టి పెరట్లో లోతుగా పాతించేది. కుక్కలు తవ్వితే బిడ్డకు కీడని భయం. తొమ్మిది నెలలు బిడ్డను పోషించిన అరకిలో కండను చెత్తలో పారేయలేని మనసు అది, అందులో తప్పేముంది?

ప్రాణం మీదికి తెచ్చిన పద్ధతులు వేరే ఉన్నాయి. మాయ పడేదాకా బొడ్డు కోయకూడదంటూ, ఏడవని బిడ్డను కూడా తడి ఒంటితో అలాగే ఉంచేసేవారు. కోశాక బూడిదో పేడో అద్దేవారు, ధనుర్వాతం అలా వచ్చేది. బిడ్డ బాగుంటే బొడ్డును ఒక నిమిషమైనా ఆగి కోయమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఊపిరి అందని బిడ్డ దగ్గర మాత్రం ఆ ఆలస్యం పనికిరాదు.

కాన్పయి అరగంట దాటినా మాయ పడకపోతే ప్రమాదం. పడ్డాక నర్సు దాన్ని ట్రేలో పరిచి, ముద్దల్లాంటి భాగాలన్నీ ఒకదానితో ఒకటి అతుకుతున్నాయా, ఎక్కడైనా ముక్క తగ్గిందా అని తడిమి చూస్తుంది. లోపల చిన్న ముక్క ఉండిపోయినా రోజుల తర్వాత కూడా రక్తం పోవచ్చు. ఇంటికొచ్చాక గంటలోపే ప్యాడ్ తడిసి ముద్దయినా, జ్వరం వచ్చినా, దుర్వాసన వచ్చినా వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యి. బాలింతకు ఇవన్నీ మామూలేనని మీ అమ్మే అన్నా సరే, వినకు.

మాయను పాతాలని ఉంటే మీ టెక్సాస్‌లో వీలుంది. అంటురోగాలు లేవని తేలిన తల్లి ఫారం మీద సంతకం పెట్టి మాయను తీసుకెళ్లేలా 2016 నుంచి అక్కడ చట్టం అమల్లో ఉంది. నొప్పులు మొదలవకముందే ఆసుపత్రిలో అడిగి ఉంచు. ఇక బిడ్డ బొడ్డు దానంతటది ఊడేదాకా పసుపు, నూనె ఏవీ అంటించకుండా పొడిగా ఉంచండి. ఊడాక తాయెత్తులో పెట్టాలని మీ అత్తగారు ముచ్చటపడితే బిడ్డ మొలతాడుకు కట్టండి. మెడలో మాత్రం వద్దు, దారం బిగుసుకుంటుంది.

నీ పెద్దమ్మ