పుస్తకాలకు వరస చెప్పేదెవరు?



పెనుగొలను లాంటి ఒక ఊరి బడిలో ఇనప బీరువా ఒకటి ఉందనుకోండి. అందులో మూడువందల పుస్తకాలు ఉన్నాయి. వాటిని చేతికొచ్చినట్టు పేర్చారు. మీకు గురజాడ అప్పారావుగారి పుస్తకం కావాలి. ఏం చేస్తారు? పై అరలోంచి కింది అరదాకా ఒక్కొక్క పుస్తకం వీపూ చూసుకుంటూ పోవాలి. ఈలోగా గంట కొట్టేస్తారు. మీరు వట్టి చేతులతో తరగతికి వెళ్ళిపోతారు. పుస్తకం బీరువాలో ఉంది, కాని మీకు లేనట్టే!

ఇప్పుడు కాలం మారింది. బీరువా పట్టని పుస్తకాలు చిటికెన వేలంత పరికరంలో ఇముడుతున్నాయి. తెరమీద చదువుకునే ఈ పుస్తకాలను ఈ-పుస్తకాలు అంటున్నాం. మూడువందలు కాదు, మూడువేలు దాచుకోవచ్చు. మరి వెతకటం మాటేమిటి? వరస లేకపోతే మూడువేలలో వెతకటం మూడువందలలో వెతకటం కన్నా పదిరెట్లు కష్టం. అందుకే వరస చెప్పే సాఫ్ట్‌వేర్ పుట్టింది. అది ఎలా పనిచేస్తుందో, దానికి మన తెలుగు పద్ధతి ఎలా నేర్పాలో ఈ పాఠంలో చూద్దాం.

పాత సమస్యే!

పుస్తకాలకు వరస పెట్టటం కొత్త విద్య కాదు. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ విషయాన్ని బట్టి పుస్తకానికి అంకె ఇచ్చే పద్ధతి తెచ్చాడు. అందులో విజ్ఞానశాస్త్రానికి 500, భౌతికశాస్త్రానికి 530. మన దేశంలో లెక్కల ఉపాధ్యాయుడుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఎస్. ఆర్. రంగనాథన్, 1933లో కోలన్ వర్గీకరణ అనే మరో పద్ధతి ప్రచురించాడు. అంతకు రెండేళ్ళ ముందే ఆయన గ్రంథాలయానికి అయిదు సూత్రాలు చెప్పాడు. చదువరి కాలాన్ని వృథా కానీయకూడదన్నది వాటిలో ఒకటి. మన ప్రాంతంలో 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించటానికి పాటుపడ్డారు. పుస్తకం ఊరికి చేర్చటం వారి పని. చేరిన పుస్తకం చేతికి అందేటట్టు చూడటం మన పని.

కాలిబర్ కథ

ఈ-పుస్తకాల బీరువాను సర్దే సాఫ్ట్‌వేర్లలో బాగా పేరుపొందినది కాలిబర్. దీన్ని మొదలుపెట్టినవాడు కోవిద్ గోయల్ అనే భారతీయుడు. 2006లో ఒక కొత్త ఈ-పుస్తక పరికరం మార్కెట్లోకి వచ్చింది. అప్పటికి అమెరికాలో భౌతికశాస్త్రం చదువుకుంటున్న గోయల్, ఆ పరికరాన్ని తన కంప్యూటర్‌తో కలిపి వాడుకోవటానికి స్వయంగా ప్రోగ్రాం రాసుకున్నాడు. 2008లో దానికి కాలిబర్ అని పేరుపెట్టారు. ఇది ఉచితం. అంతకన్నా ముఖ్యం, దీని లోపలి రాత ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు.

కాలిబర్ తెరచి చూస్తే ఒక పెద్ద పట్టిక కనిపిస్తుంది. ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క అడ్డవరస. పేరు, రచయిత, తేదీ, విషయం – ఇవన్నీ నిలువు గడులు. ‘పేరు’ అన్న గడి తలమీద నొక్కితే పుస్తకాలన్నీ పేర్ల వరసలోకి వస్తాయి. ‘రచయిత’ మీద నొక్కితే రచయితల వరసలోకి వస్తాయి. చూడటానికి ఇంద్రజాలంలా ఉంటుంది. కాని కంప్యూటర్‌కు అక్షరాలు రావు కదా! మరి ‘క’ తరువాత ‘గ’ అని దానికెలా తెలిసింది?

అక్షరానికో అంకె

కంప్యూటర్‌కు తెలిసినవి అంకెలే. అందుచేత ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించారు. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి చేసిన ఈ ఏర్పాటు పేరు యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దొరికింది. అందులో ‘అ’ అంకె 3077. ‘క’ 3093, ‘గ’ 3095, ‘చ’ 3098, ‘హ’ 3129. అంకెలు చిన్న నుంచి పెద్దకు పేర్చితే దాదాపు మన అకారాది క్రమమే వస్తుంది.

గుణింతాల మాటేమిటంటారా? అక్కడా ఒక తెలివైన ఏర్పాటుంది. దీర్ఘం గుర్తు 3134, గుడి 3135, ఇలా వరసగా పోయి పొల్లు గుర్తు 3149. ఇవన్నీ హల్లుల అంకెలకన్నా పెద్దవి. అందుకే కడప, కాకి, కిటికీ, కౌలు, క్షేమం అన్న మాటలను అంకెల ప్రకారం పేర్చినా ఇదే వరస వస్తుంది. ‘క్ష’ను కంప్యూటర్ ఒక అక్షరంగా చూడదు. క, పొల్లు, ష అని మూడు అంకెలుగా చూస్తుంది. కాబట్టి అది ‘కౌ’ తరువాత, ‘ఖ’కు ముందు వస్తుంది.

‘దాదాపు’ అన్నాను, గమనించారా? మన వర్ణమాలలో ‘ళ’ను ‘హ’ తరువాత చదువుతాం. యూనికోడ్‌లో ‘ళ’ అంకె 3123, ‘వ’ అంకె 3125. అంటే ‘ళ’ ముందే వచ్చేస్తుంది. అందువల్ల అంకెలొక్కటే చాలవు. ఏ భాషకు ఏ వరస అన్న నియమాలు వేరుగా రాసి ఉంచారు. కాలిబర్ అటువంటి నియమాలనే వాడుకుంటుంది. ఏ భాష నియమాల ప్రకారం పేర్చాలో మనం చెప్పే వీలు కూడా అందులో ఉంది.

పదికి ముందా, రెండుకు ముందా?

ఒక చిన్న పరీక్ష. ‘1వ భాగం, 2వ భాగం, 10వ భాగం’ – వీటిని కంప్యూటర్ మాటలుగా పేర్చితే ఏమవుతుంది? అది మొదటి గుర్తును మొదట పోల్చుతుంది. 10లో మొదటి గుర్తు 1. అది 2 కన్నా చిన్నది. కనుక పదో భాగం రెండో భాగానికి ముందు కూర్చుంటుంది! ఇది కంప్యూటర్ తెలివితక్కువతనం కాదు. దాన్ని అంకెగా చూడమని మనం చెప్పలేదు, అంతే.

అందుకని భాగం సంఖ్యను పుస్తకం పేరులో ఇరికించకూడదు. కాలిబర్‌లో ‘సిరీస్’ అని వేరే గడి ఉంది. సంపుటాల పేరు, సంఖ్య అక్కడ ఇస్తే 2 తరువాతే 10 వస్తుంది.

ఇంటిపేరు ఎటు పోయింది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ అయిదుగురు రచయితల పేర్లు చూడండి.

కందుకూరి వీరేశలింగం పంతులు
గురజాడ అప్పారావు
చిలకమర్తి లక్ష్మీనరసింహం
విశ్వనాథ సత్యనారాయణ
శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి

ఇది ఇంటిపేర్ల ప్రకారం అకారాది వరస. మన గ్రంథాలయంలో చూసేది ఇలాగే. కాని కాలిబర్‌ను మొదటిసారి తెరచి, ఈ పేర్లు ఇచ్చి, ‘రచయిత’ మీద నొక్కండి. అప్పారావు మొదట వస్తాడు. ఆ తరువాత పంతులు, లక్ష్మీనరసింహం, శాస్త్రి, సత్యనారాయణ!

ఎందుకిలా? ఇంగ్లీషు వాళ్ళకు ఇంటిపేరు చివర ఉంటుంది. ఛార్లెస్ డార్విన్‌లో డార్విన్ ఇంటిపేరు. వారి గ్రంథాలయాల్లో ‘డార్విన్, ఛార్లెస్’ అని తిరగేసి రాస్తారు. కాలిబర్ కూడా పేరులోని చివరి మాటను ముందుకు తెచ్చి, మధ్య కామా పెట్టి, ఆ రూపాన్ని లోపల దాచుకుంటుంది. వరస పెట్టేటప్పుడు చూసేది ఆ రూపాన్నే. కనుక వీరేశలింగంగారు ‘పంతులు, కందుకూరి వీరేశలింగం’ అయిపోయారు. ఈ లెక్కన పంతుళ్ళందరూ ఒకచోట, శాస్త్రులందరూ ఒకచోట, విడిగా రాసిన రావులందరూ ఒకచోట చేరుతారు. ఇక ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?

దీన్ని సరిదిద్దటం కష్టం కాదు. ‘ప్రిఫరెన్సెస్’లో ‘ట్వీక్స్’ అనే భాగం ఉంది. అక్కడ రచయిత పేరును ఎలా దాచుకోవాలో చెప్పే నియమం దొరుకుతుంది. దానికి ‘కాపీ’ అన్న విలువ ఇవ్వాలి. అంటే ‘పేరు తిరగెయ్యవద్దు, ఉన్నది ఉన్నట్టే వాడుకో’ అని ఆజ్ఞ. తరువాత కాలిబర్‌ను మూసి మళ్ళీ తెరవాలి. అయితే పాత పుస్తకాలు పాత రూపంలోనే ఉంటాయి. ‘మేనేజ్ ఆథర్స్’ అన్నచోటికి వెళ్ళి, అన్ని పేర్లనూ మళ్ళీ లెక్కకట్టమనే మీట నొక్కాలి. అప్పుడు గురజాడ ‘గ’లోకి వస్తాడు.

మరి డార్విన్? ఆయన ఇప్పుడు ‘ఛ’లోకి పోతాడు! ఒక నియమం అందరికీ సరిపోదు. మీ సేకరణలో ఎక్కువ ఎవరున్నారో చూసి నియమం పెట్టుకోవాలి. మిగిలిన కొద్దిమందినీ అదే ‘మేనేజ్ ఆథర్స్’లో చేత్తో దిద్దుకోవాలి. శ్రీశ్రీ అని ఒకచోట, శ్రీరంగం శ్రీనివాసరావు అని మరోచోట ఉంటే రెండింటినీ ఒకే పేరుకు తేవటం కూడా అక్కడే.

చీటీలతో ప్రయోగం

పుస్తకాలు విషయం వారీగా ఉండాలి, ఒక్కొక్క విషయంలో మళ్ళీ పేర్ల వరసలో ఉండాలి. ఎలా? దీనికి కంప్యూటర్ అక్కరలేదు. ఆరు కాగితం చీటీలు తీసుకోండి. వాటిమీద ఇలా రాయండి: పాము – జంతువులు, ఆకు – వృక్షాలు, ఉరుము – భౌతికం, కప్ప – జంతువులు, చింతచెట్టు – వృక్షాలు, అయస్కాంతం – భౌతికం.

ముందు పేర్ల ప్రకారం పేర్చండి: అయస్కాంతం, ఆకు, ఉరుము, కప్ప, చింతచెట్టు, పాము. ఇప్పుడు ఆ వరసలోనే ఒక్కొక్క చీటీ తీసి, విషయాన్ని బట్టి మూడు కుప్పలు వెయ్యండి. ప్రతి చీటీనీ కుప్ప అడుగునే చేర్చాలి, మధ్యలో దూర్చకూడదు. జంతువుల కుప్పలో కప్ప, పాము. భౌతికంలో అయస్కాంతం, ఉరుము. వృక్షాలలో ఆకు, చింతచెట్టు. చూశారా? కుప్పలు వేసేటప్పుడు మీరు పేర్లు చూడనేలేదు. అయినా పేర్ల వరస చెడలేదు. ఇలా ముందటి వరసను చెడగొట్టకుండా పేర్చటాన్ని స్థిరమైన పేర్పు అనవచ్చు.

కాలిబర్ చేసేదీ ఇదే. ముందు ‘పేరు’ మీద, తరువాత విషయాలు ఉండే ‘ట్యాగ్స్’ గడి మీద నొక్కండి. మీకు కావలసిన వరస వస్తుంది. తలకిందులుగా నొక్కితే? విషయాలు చెల్లాచెదురై పేర్ల వరస ఒక్కటే మిగులుతుంది. కాబట్టి గుర్తుంచుకోండి: అన్నిటికన్నా ముఖ్యమైనదాన్ని చివర నొక్కాలి.

రంధ్రాల కార్డులను వేరుచేసే పాత యంత్రాలు కూడా ఈ కిటుకునే వాడాయి. 32, 17, 12, 37 అన్న అంకెలను ముందు ఒకట్ల స్థానంతో పేర్చితే 32, 12, 17, 37 అవుతాయి. తరువాత పదుల స్థానంతో పేర్చితే 12, 17, 32, 37. పని పూర్తి!

తెరమీద ఏం కనపడాలి?

వరసతో పాటు చూపు కూడా మన చేతిలోనే ఉంది. అక్కరలేని గడులను దాచవచ్చు. ‘చదివానా, లేదా’ అని కొత్త గడి చేర్చుకోవచ్చు. చదవనివాటికి ఒక రంగు వెయ్యమనవచ్చు. చిన్నతరగతుల పిల్లలకు పట్టిక బదులు అట్టల బొమ్మలు చూపించవచ్చు. తెలుగు పుస్తకాలు మాత్రమే కనిపించే వేరే బీరువా ఉన్నట్టు కూడా చేసుకోవచ్చు. పుస్తకాలు అక్కడే ఉంటాయి, మారేది చూపు మాత్రమే. అయితే కాలిబర్ దాచిన ఫోల్డర్లలోకి వెళ్ళి పేర్లు చేత్తో మార్చకండి. దాని లెక్క తప్పిపోతుంది.

ఇంత శ్రమ ఎందుకు?

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ బహుమతి పొందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకాలను కంప్యూటర్లలోకి ఎక్కించే పథకానికి పూనుకున్నారు. దానిలో భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఎన్నో పాత తెలుగు పుస్తకాలు ఆ విధంగా బతికాయి. వాటిలో చాలా ప్రతులు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. కాని చాలావాటికి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. ‘ఆ’కు ఒకచోట ‘ఎ’ ఒకసారి, మరోచోట రెండుసార్లు. తెలుగులో వెతికితే అవి దొరకవు. తెలుగులో రాసినా ‘గ్రంథం’ అని ఒకరు, ‘గ్రంధం’ అని మరొకరు రాస్తే చిక్కే. ‘థ’ 3109, ‘ధ’ 3111. కంప్యూటర్‌కు అవి రెండు వేరువేరు మాటలు.

పట్నంలో ఉన్న పిల్లవాడికి ఒక పుస్తకం దొరక్కపోతే కొట్టుకు వెళ్ళి కొనుక్కుంటాడు. పల్లెటూరి బడిలో ఉన్న పిల్లకు ఆ ఉచిత ప్రతి ఒక్కటే ఆధారం కావచ్చు. పేరు తప్పుగా రాస్తే ఆ ఒక్కటీ పోయినట్టే. మొదటే చెప్పాం కదా, బీరువాలో ఉండీ లేనట్టే.

యంత్రం వరస పెడుతుంది. ఆ వరస ఏమిటో చెప్పవలసింది మనిషే. మన పేర్ల సంగతి మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

మీరు చెయ్యండి

1. మీ తరగతిలో పదిమంది పేర్లు ఇంటిపేరుతో సహా చీటీలమీద రాసి, ఒకసారి ఇంటిపేరుతో, ఒకసారి చివరి మాటతో పేర్చండి. మీ స్థానం ఎంత మారింది?

2. 45, 21, 41, 25 అన్న అంకెలను ముందు పదులతో, తరువాత ఒకట్లతో పేర్చండి. వరస ఎందుకు కుదరలేదు?

3. మీ బడి గ్రంథాలయంలోని పుస్తకాల పట్టికలో ఒకే రచయిత రెండు పేర్లతో ఉన్నాడేమో వెతకండి. ఉంటే, మీ ఉపాధ్యాయుల అనుమతితో సరిదిద్దండి.