చెత్త నుండి సంపద, శక్తి

మన హాస్టల్లో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, చిత్తు కాగితాలు, పాల కవర్లు ఒకే డబ్బాలో పడితే చెత్త. విడివిడిగా వేస్తే సంపద.

మన కొత్తవలసకు దగ్గరలోని విశాఖపట్నం కాపులుప్పాడలో చెత్తను మండించి విద్యుత్తు తీసే 15 మెగావాట్ల కేంద్రం 2022లో ప్రారంభమైంది. చెత్త మండిన వేడికి బాయిలరులో నీరు ఆవిరై టర్బైనును తిప్పుతుంది. మరి చెత్త తడిగా ఉంటే? 100 డిగ్రీల వద్ద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కేలరీల వేడి కావాలని మనం చదువుకున్నాం. అంత వేడీ తడి ఆరడానికే ఖర్చవుతుంది.

కాబట్టి తడి చెత్తకు వేరే దారి ఉంది. గాలి తగలని తొట్టిలో కుళ్ళితే, గోబర్ గ్యాస్ లాగానే, వంటకు పనికొచ్చే మీథేన్ వస్తుంది. గాలి తగిలేలా గోతిలో కుళ్ళితే ఎరువు అవుతుంది. కాగితం, ఇనుము, అల్యూమినియం పాతసామాన్ల కొట్టుకు చేరాలి. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడితే, బాక్సైటు నుండి కొత్తగా తీయడానికయ్యే శక్తిలో సుమారు 95 శాతం ఆదా అవుతుంది.

మనం కలిపి పారేసినదాన్ని తరచూ పారిశుధ్య కార్మికులే చేతులతో ఏరాలి. అందులోని బ్లేడు, గాజు పెంకు గుచ్చుకునేది వారికే. వారిలో మన ఇళ్ళవాళ్ళూ ఉంటారు. అందుకే తడికి ఒకటి, పొడికి ఒకటి, బ్లేడ్లు, బల్బులు, సెల్లులకు ఒకటి, మూడు డబ్బాలు పెట్టుకుందాం.