బొమ్మల కథల మేళాలు: పెద్దవి, చిన్నవి

తపాలా బిళ్ళలను, ప్రాచీన నాణెములను సేకరించువారిని లోకం గౌరవిస్తుంది. బొమ్మల కథల పుస్తకములను సేకరించువానిని చూచి మాత్రం "ఇంకా చిన్నతనం పోలేదు" అని నవ్వుతుంది. కాని ఒక తరం పిల్లలు ఏమి చదివి పెరిగినారో, ఏ చిత్రములను చూచి ఊహలు అల్లుకొన్నారో తెలుసుకొనుటకు ఈ పుస్తకములే ఆధారములు. చదువుట కాగానే పారవేయబడునవి గనుక ఇవి త్వరగా నశిస్తాయి. వీటిని సేకరించుట వినోదం మాత్రమే గాక పరిరక్షణ కూడ అని మా అభిప్రాయం. అట్టి సేకరణకు పెద్ద మేళాలు తోడ్పడునా, చిన్న కూడికలు తోడ్పడునా అన్నది ఈ వ్యాసంలో పరిశీలింతము.

ఈ మేళాలలో ప్రపంచ ప్రసిద్ధి గాంచినది అమెరికాలోని శాన్ డియాగో కామిక్ కాన్. నేడు దానికి 1,30,000 మందికి పైగా వస్తారు. కాని 1970 మార్చిలో ఒక హోటలు నేలమాళిగలో ఒక్క దినం జరిగిన దాని తొలి కూడికకు వచ్చినవారు సుమారు 100 మంది. అదే సంవత్సరం ఆగస్టులో మూడు దినములు జరిగిన సమ్మేళనానికి 300 మంది వచ్చినారు. మేళా పెరిగినకొద్దీ చలనచిత్రాలు, టెలివిజన్ ధారావాహికలు, ఆటబొమ్మలు అందులో పెద్ద చోటును ఆక్రమించినవి. నేటి పెద్ద మేళా కూడ ఒకనాటి చిన్న కూడికయే అన్న సంగతిని మనం గుర్తుంచుకొనవలెను.

మన దేశంలో కామిక్ కాన్ 2011 ఫిబ్రవరిలో ఢిల్లీలోని దిల్లీ హాట్‌లో ఆరంభమై, 2013లో హైదరాబాదుకు వచ్చినది. టిక్కెట్టు కొని లోపల ప్రవేశించినచో కథానాయకుల వేషములు ధరించిన యువతీయువకులు, రంగురంగుల దుకాణములు కనులను మిరుమిట్లు గొలుపుతాయి. దీనికి భిన్నమైనను పెద్దదే అయిన మరొక వేదిక, 1985 నుండి జరుగుతున్న హైదరాబాదు పుస్తక ప్రదర్శన. విజయవాడలో 1989 నుండి జరుగుతున్న పుస్తక మహోత్సవం కూడ అట్టిదే.

పెద్ద మేళాల వలన లాభములు లేకపోలేదు. కొత్తగా వెలువడిన పుస్తకములన్నీ ఒక్కచోట కనబడతాయి. చిత్రకారుని కలిసి, ఆయన చేతి సంతకం పొందవచ్చును. అనంత్ పాయ్ 1967లో ఆరంభించిన అమర్ చిత్ర కథ వంటి మాలలోని పుస్తకములను వరుసగా చూడవచ్చును. కాని పాత సంచికలను వెదకువానికి అక్కడ నిరాశయే ఎక్కువ. దుకాణపు అద్దె పుస్తకపు వెలపై పడుతుంది. వెనుకనుండి జనం తోస్తుండగా పుటలు తిరగవేసి చూచుటకు వీలుండదు. ఒక మేళాలో మేము ప్లాస్టిక్ కవరులో భద్రపరచిన పాత చందమామ సంచికను అధిక ధరకు కొన్నాము. ఇంటికి వచ్చి విప్పి చూడగా నడుమ ఎనిమిది పుటలు లేవు. ధారావాహికను విడిగా కుట్టుకొనుటకై పూర్వ యజమాని ఎవరో కత్తిరించుకొన్నారు.

ఇక చిన్న కూడికల విషయం. హైదరాబాదు అబిడ్సులో ఆదివారం దుకాణములు మూసియుండగా కాలిబాటపై వెలసే పాత పుస్తకముల సంత ఇందుకు చక్కని ఉదాహరణ. వరంగల్లు నుండి తొలి రైలులో బయలుదేరి మేము అచ్చటికి అనేక పర్యాయములు వెళ్ళినాము. అక్కడ టిక్కెట్టు లేదు, వేషములు లేవు. గొంతుకూర్చొని, గుట్టలో చేయి పెట్టి, ప్రతి పుటను తిప్పి చూచి, బేరమాడి కొనవచ్చును. కావలసినది దొరకునన్న నమ్మకం లేదు; కాని అమ్మువాడు నాలుగు వారములలో మన ముఖమును గుర్తుపట్టి, మన కొరకు సంచికలు తీసిపెడతాడు.

ఇచ్చట ఒక అనుభవం చెప్పవలెను. మా తల్లిగారు బాల్యంలో ఢిల్లీ నుండి వచ్చే ఉర్దూ పిల్లల మాసపత్రిక ఖిలౌనాను చదివేవారు. మేము చందమామను చదివినాము. ఇల్లు మారునప్పుడు రెండు పెట్టెలూ పాత కాగితముల కొట్టుకు తూకానికి వెళ్ళినవి. కొన్నేళ్ళ క్రితం అబిడ్సు సంతలో మా ప్రక్కన చందమామలు వెదకుచున్న ఒక పెద్దాయన మాటలలో, తాను కొన్న కట్టలో రెండు ఖిలౌనాలు వచ్చినవనీ, ఉర్దూ రానందున అవి అట్లే పడియున్నవనీ చెప్పినారు. వారికి లేని రెండు చందమామలు మా వద్ద అదనంగా ఉండెను. మరుసటి ఆదివారం మార్చుకొన్నాము. ఒక్క రూపాయి చేతులు మారలేదు. ఆ రాత్రి మా తల్లిగారు కళ్ళజోడు పెట్టుకొని రెండు సంచికలూ చివరి పుట దాక చదివిన పిదపనే పడుకొన్నారు. లక్షమంది నడుమ ఆ పెద్దాయన మాకు తారసపడెడివారు కారు.

విద్యార్థులకు కొన్ని సూచనలు. కొనబోవునప్పుడు మీ వద్ద లేని సంచికల జాబితా చేతనుంచుకొనుడు. నడిమి పుటలను, పిన్నుల తుప్పును, పురుగు తిన్న అంచులను పరీక్షింపుడు. తొలి ముద్రణయో పునర్ముద్రణయో చూడుడు. సంఖ్యను చూచి మోసపోవలదు: అమర్ చిత్ర కథలో 'కృష్ణ' 11వ సంఖ్య, తొలి పది సంఖ్యలు పాశ్చాత్య అద్భుత కథలవి. వెలను చూచి ఆశపడవలదు. 1938లో 10 సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ తొలి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయిన మాట నిజమే. కాని అట్టివి అత్యంత అరుదు.

కావున, కొత్తదానిని తెలుసుకొనుటకు పెద్ద మేళా, పోయినదానిని తిరిగి పొందుటకు చిన్న కూడిక అని మా నిర్ణయం. 1947 జూలైలో వెలువడిన చందమామ 2013 నాటికి ఆగిపోయినది. ఖిలౌనా అంతకు ముందే ఆగినది. ఇక మిగిలినవి ఇండ్లలోని అటకలపై ఉన్నవే. 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయమును నెలకొల్పిన పెద్దలు ప్రభుత్వం కొరకు వేచియుండలేదు. మన కళాశాలలో ఉర్దూ చదువువారు, తెలుగు చదువువారు ఒకే కప్పు క్రింద ఉన్నారు. సంవత్సరానికి ఒక్క పూట గ్రంథాలయపు గదిని ఇట్టి మార్పిడికై ఇప్పించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుచున్నాము. అందుకు నాలుగు బల్లలు చాలును. విద్యార్థి మిత్రులారా, ఆ దినం వచ్చులోగా మీ ఇంటి అటకను ఒక్కసారి దింపి చూడుడు. కాగితముల కొట్టువాడు మీకంటె ముందు రాకుండుగాక!